పచ్చని వల్కలము

ఇథియోపియా దేశపు ప్రాచీన ధర్మభాషయగు గీజులో ‘గెదామ్’ అను మాట ఒకటి కలదు. మొదట దాని యర్థము జనసంచారము లేని అరణ్యభూమి; కాలక్రమమున ఆ అరణ్యభూమిని వెదకికొనిపోయి తపస్సు చేసికొన్న మునుల నివాసమునకు, అనగా మఠమునకు, అదియే పేరైనది. మన వేదవాఙ్మయమున అడవిలో చదువదగిన భాగములకు ఆరణ్యకములని పేరు వచ్చినట్లే, అచ్చటను అడవియు ఆరాధనయు ఒక్క మాటలో ఇమిడిపోయినవి. అరణ్యమునకును ఆలయమునకును ఒకే పేరు పెట్టుకొన్న జాతి, ఆ రెంటికిని గల సంబంధమును గూర్చి గ్రంథములు వ్రాయకయే ఒక నిర్ణయము చేసికొన్నదని చెప్పవచ్చును. ఆ నిర్ణయము ఎట్లు పుట్టినదో, ఎట్లు నిలిచినదో, నేడు అది నిలుచుటకు ఏమి కావలసియున్నదో విచారించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

ఆ దేశపు ఉత్తరభాగమున, నీలి నైలునదికి జన్మస్థానమైన టానా సరస్సునకు తూర్పున, దక్షిణ గోందర్ అను పీఠభూమి ప్రాంతము కలదు. కోతలు ముగిసిన పిమ్మట ఆకాశమునుండి ఆ నేలను చూచినచో, క్రోసుల కొలది ఎండిన మళ్లును, పశువుల డెక్కలకింద నలిగిన బీళ్లును, వానలకు కోసికొనిపోయిన వాగుగట్లును తప్ప వేరేమియు కానరాదు. ఆ బోసినేల నడుమ అచ్చటచ్చట, చాపమీద జారిపడిన పచ్చపూసలవలె, గుండ్రని చిట్టడవులు కొన్ని కనబడును. ఒక్కొక్క అడవి నడిమిని ఒక రేకుకప్పు ఎండకు తళుక్కుమనును, అది చర్చి. ఆ చెట్లన్నియు ఆ చర్చివి. టెఫ్ అను సన్నగింజ ధాన్యమును, బార్లీని, గోధుమను పండించు రైతులు చుట్టునున్న నేలను తరతరములుగా చెట్టు మిగులకుండ దున్నిరి. ఆ రైతులే ఆదివారమునాడు ఆ పచ్చపూసలోనికి వచ్చి, ఒక్క కొమ్మనైనను విరువక, మ్రొక్కి మరలిపోయిరి. వారములో ఆరుదినములు గొడ్డలి పట్టిన చేయి ఏడవదినమున ఆ చెట్లకింద జోడింపబడుట విచిత్రముగ దోచును గాని, ఆ విచిత్రములోనే ఈ చరిత్ర యంతయు ఇమిడియున్నది.

ఆ చర్చులు గల క్రైస్తవసంఘము నిన్నమొన్నటిది కాదు. నాలుగవ శతాబ్దమున తూరు పట్టణమువాడైన ఫ్రుమెంటియసు అను క్రైస్తవుడు బాల్యమున ఎర్రసముద్రపు తీరమున చిక్కుకొని, అక్సూము రాజాస్థానమున పెరిగి పెద్దవాడై, పిదప అలెగ్జాండ్రియా పీఠాధిపతియగు అథనాసియసుచేత బిషప్పుగా అభిషిక్తుడై ఆ దేశమునకే తిరిగివచ్చెను. ఆ కాలముననే ఏజానా మహారాజు క్రైస్తవమును స్వీకరించి, తన నాణెములమీది చంద్రరేఖను తొలగించి సిలువను ముద్రింపించెను. ప్రజలు ఫ్రుమెంటియసును ‘అబ్బా సలామా’ అని, అనగా శాంతిపిత అని, నేటికిని స్మరింతురు. అటుపిమ్మట అయిదవ ఆరవ శతాబ్దముల సంధికాలమున తొమ్మండుగురు మునులు పరదేశమునుండి వచ్చి, కొండకొమ్ములను, నిర్జనస్థలములను ఏరుకొని మఠములు స్థాపించిరి. వారిలో అబ్బా అరెగావి నెలకొల్పిన దెబ్రె దామో మఠమునకు నేటికిని మెట్లు లేవు. నిలువునా చెక్కినట్లున్న కొండచరియను త్రాడు పట్టుకొనియే ఎక్కవలెను. ‘దెబ్ర్’ అను మాటకు అర్థము కొండ; అదియు క్రమముగా మఠమునకు పర్యాయపదమైనది. కొండ, అడవి, మఠము అను మూడును ఆ మునుల దృష్టిలో వేరువేరు వస్తువులు కావు.

ఈ సంఘమునకు ప్రధానమైన బిషప్పు శతాబ్దములపాటు ఈజిప్టునుండియే వచ్చుచుండెను. 1959లో గాని స్వదేశీయుడైన పేట్రియార్కు ఆ పీఠము నధిష్ఠింపలేదు. దూరదేశమునుండి వచ్చిన ఒక్క బిషప్పు, దారులు లేని పర్వతదేశమున, ప్రతి గ్రామపు చెట్టును లెక్కపెట్టి శాసింపగలడా? కావున అడవిని కాపాడినది పైనుండి దిగివచ్చిన యాజ్ఞ కాదనియు, గ్రామసంఘపు ఆచారమే యనియు నేను తలంచుచున్నాను. ఆ యాచారపు స్వరూపము తెలియవలెనన్న ఒక చర్చి ప్రాంగణములోనికి అడుగుపెట్టి చూడవలెను.

ఉత్తరదేశపు గ్రామములందలి చర్చి తరచుగా వర్తులాకారముగ నుండును. దానిలో ఒకదానిలో నొకటిగా మూడు వలయములు కలవు. వెలుపలి వలయమున గాయకులు కర్రలూతగా నిలిచి, భేరీనాదమునకు అనుగుణముగ మెల్లగ కదలుచు స్తోత్రములు పాడుదురు. నడిమి వలయమున ప్రభుభోజనము స్వీకరించువారు నిలుతురు. నట్టనడుమ తెరలచాటున ‘మక్దస్’ అను గర్భగృహము. అచ్చట మోషే ధర్మశాసన ఫలకములకు ప్రతిరూపముగ ఎంచబడు ‘తాబోత్’ ఉండును. దానిని యాజకులు తప్ప ఇతరులు కన్నెత్తియైనను చూడరాదు. చర్చికి పవిత్రత గోడలవలన గాక ఈ తాబోత్ వలననే కలుగునని వారి విశ్వాసము. ఆ పవిత్రత గోడలతో ఆగిపోదు. దీపకాంతి గదిని దాటి వాకిటిలోనికి ప్రసరించినట్లు అది వెలుపలి చెట్లవరకు వ్యాపించును. ఆ లెక్కన చర్చికి నాలుగవ వలయము అడవియే.

ఈ నాలుగవ వలయము ఊరక అలంకారమున కేర్పడినది కాదు. ఉపవాసనియమము తప్పినవారును, ఆచారరీత్యా శుచిగా లేమని తలంచువారును కట్టడములోనికి పోరు. చెట్లకింద నిలిచి, తెల్లని నూలుబట్ట తలమీదుగా కప్పుకొని, లోపలినుండి వినవచ్చు ప్రార్థనకు బదులు పలుకుదురు. పండుగదినములలో లోపలికంటె చెట్లకింద నిలిచిన సంఘమే పెద్దది. దారిన పోవువారు ద్వారముకడ ఆగి వంగి, గడపనో గోడనో ముద్దిడి పోదురు. ఆ దేశపు వాడుకలో ‘చర్చిని ముద్దాడితిని’ అన్న, ఆరాధనకు పోయివచ్చితిని అని యర్థము. మృతులకు ఆ చెట్లనీడనే సమాధులు. చర్చి బడిలో గీజు స్తోత్రములను వల్లెవేయు పిల్లలకు ఆ చెట్లకిందనే గుడిసెలు. ఇంటింట యాచించి తెచ్చుకొన్న రొట్టె తిని, ఆ నీడలోనే వారు పాఠము కంఠస్థము చేయుదురు. మన గురుకులముల బ్రహ్మచారులు మాధుకరముతో చదువుకొన్న తీరు దీనిని విన్న తెలుగువానికి జ్ఞప్తికి రాకపోదు. కొన్నిచోట్ల చెట్ల మొదళ్లనడుమ ఊటలున్నవి. ఆ నీటిని ‘త్సెబెల్’ అను పుణ్యతీర్థముగ భావించి రోగులు స్నానము చేయుదురు.

అందుచేతనే అచ్చటి యాజకులు అడవిని చర్చికి వస్త్రమని చెప్పుదురు. చెట్లులేని చర్చి వివస్త్రుడైన మనుష్యునివంటిదని వారి భావము. ఈ మాటను విన్నప్పుడు నాకు మన మునుల వల్కలము తలపునకు వచ్చినది. చెట్టు ఒలిచి యిచ్చిన నార మునికి వస్త్రమైనట్లు, ఇచ్చట చెట్టు చెట్టుగనే నిలిచి ఆలయమునకు వల్కలమైనది. వస్త్రమును ఎవడును సంపదగా లెక్కపెట్టడు. దానిని తీసివేసినచో కలుగు సిగ్గును మాత్రము ప్రతివాడును ఎరుగును. ఆ అడవికి కాపలా కాసినది ఆ సిగ్గే.

ఐనను అక్కడి చెట్లను ఎవరును తాకనే తాకరని అనుకొనరాదు. ఆ చెట్లకు పేర్లున్నవి, ప్రయోజనములున్నవి, పరిమితులున్నవి. ‘తిద్’ అను పొడవైన జునిపరు మ్రాను చర్చి దూలములకును స్తంభములకును వచ్చును. ‘వాంజా’ మన నక్కెరచెట్టునకు దాయాది. తలుపులకు, పెట్టెలకు, భేరులకు తగిన మెత్తని చేవ దానిది. ‘కొస్సో’ పూవులు కడుపులోని బద్దెపురుగులకు అనాదిగా ఔషధము. ‘వార్కా’ మన మఱ్ఱిరావుల కుటుంబములోనిది. ఊరివారు కూడి తగవులు తీర్చుకొనుటకు చాలునంత నీడనిచ్చును. ‘వెయ్‌రా’ అను అడవి ఒలీవచెట్టును గూర్చి ఒక్క మాట విపులముగ చెప్పవలెను. ఆ దేశపు గృహిణి పాలకుండను కడిగి అట్లే వాడదు. వెయ్‌రా పుల్లలను నిప్పుమీద నుంచి, కుండను బోర్లించి, లోపలనంతట పొగ పట్టునట్లు ధూపము వేయును. ఆ వాసన కుండలో నిలిచి పాలకును పెరుగునకును ఒక కమ్మదనము నిచ్చును. వెలుపలి కొండలమీద వెయ్‌రా అరుదైపోయినను చర్చి అడవిలో అది నిలిచియున్నది. చర్చి మరమ్మతునకు దూలము కావలసినచో కొట్టవచ్చును. సంఘము కూడి భుజించు పండుగనాడు వంటకు ఎండుకట్టె ఏరుకొనవచ్చును. తన యింటికొఱకు గొడ్డలి తెచ్చుట మాత్రము దోషము. ప్రయోజనమునకు హద్దు గీచి, ఆ హద్దులోపల సంఘమునకును, హద్దు వెలుపల వ్యక్తికిని స్థానమిచ్చిన ఈ నియమము ఎంత వివేకవంతమైనదో ఆలోచింపదగును.

ఈ హద్దు వెలుపల ఏమి జరిగినదో చూచినగాని దీని విలువ తెలియదు. వెనుకటి ఇథియోపియా రాజులు స్థిరమైన రాజధానిలో చిరకాలముండక శిబిరములతో దేశమంతట సంచరించిరి. వేలకొలది పరివారమునకు వంటచెరకు కరవైనచో శిబిరము మరియొకచోటికి సాగవలసివచ్చెడిది. 1886లో నెలకొనిన అడిస్ అబాబాకును ఆ గతియే పట్టనుండెను. చుట్టునున్న కొండలు బోసివగుట చూచి, చక్రవర్తియగు రెండవ మెనెలిక్ పడమర అడిస్ ఆలెమ్ అను చోట క్రొత్త రాజధానికి పునాది వేయించెను. ఆ రాజధాని నగరము కాకయే చర్చియై మిగిలిపోయినది. ఏలయన, ఇంతలో 1890ల నడుమ ఆస్ట్రేలియానుండి తెప్పించిన యూకలిప్టసు మొక్కలు శీఘ్రముగ పెరిగి అడిస్ అబాబాకు వంటచెరకు సమకూర్చినవి. మన ప్రాంతమున జామాయిల్ అని పిలుచు ఆ చెట్టునే అచ్చటివారు ‘బహిర్ జాఫ్’ అనిరి. అనగా సముద్రము దాటి వచ్చిన చెట్టు. ఒక నగరమును నిలిపిన ఉపకారము దానిదే; నేలలోని తేమను ఆత్రముగ పీల్చి, తనక్రింద ఇతర మొక్కలను తేలికగా ఎదుగనీయని స్వభావమును దానిదే.

యుద్ధములును ఈ అడవులను చుట్టుముట్టినవి. 1636లో ఫాసిలిదెస్ రాజు నెలకొల్పిన గోందర్ నగరముపై 1888లో సూడాను మహదీ సైన్యములు పడి, అచ్చటి చర్చులలో అధికభాగమును తగులబెట్టినవి. దెబ్రె బెర్హాన్ సెలాసీ అను చర్చి మాత్రము దక్కినది. దాని పైకప్పు లోపలితట్టు వందకు మించిన దేవదూతల ముఖములు, విప్పారిన కన్నులతో, క్రిందికి చూచుచు చిత్రింపబడియున్నవి. శత్రువులు ద్వారము చేరగనే తేనెటీగల దండు ఒకటి లేచి వారిని తరిమినదని స్థానికుల ఐతిహ్యము. ఐతిహ్యమును ఐతిహ్యముగనే గ్రహింతము. కాని చర్చిని కాపాడినది ఖడ్గము గాక తేనెటీగ యని చెప్పుకొన్న ప్రజలు తమ చెట్లనడుమ నివసించు ప్రాణులను ఏ భావముతో చూచిరో ఆ కథయే చెప్పుచున్నది.

1938లో, ఇటలీవారు ఆ దేశమును ఆక్రమించియున్న కాలమున, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములు కొన్ని లభించినవి. ఇటీవలి పరిశోధకులు దక్షిణ గోందర్ చర్చులయొక్క ఆనాటి చిత్రములను నేటి ఉపగ్రహచిత్రములతో పోల్చిచూచిరి. చర్చి అడవులు ఆశ్చర్యకరమైన స్థిరత్వముతో నిలిచినవనియు, పెక్కుచోట్ల వైశాల్యము పెరిగినదనియు తేలినది. ఐతే ఆ పెరుగుదలలో అధికభాగము క్రొత్తగా నాటిన జామాయిల్ తోపులది. ఆనాడు చర్చి అడవికిని పొలమునకును నడుమ పొదలతో కూడిన బీళ్లుండెడివి. నేడు అవి దున్నబడి, అడవియంచు నేరుగా నాగటిచాలును తాకుచున్నది. వల్కలము నిలిచినది గాని, దాని కొంగును గాలికి ఎండకు అడ్డుగా కప్పిన పైబట్ట జారిపోయినది.

1974లో హైలె సెలాసీ చక్రవర్తి పదచ్యుతుడయ్యెను. మరుసటి యేడు గ్రామీణ భూములన్నియు ప్రభుత్వపరమైనవి. అంతవరకు విస్తారమైన మాన్యములతో సంపన్నమైయున్న సంఘము వాటినన్నిటిని కోల్పోయెను. పొలములు పోయిన చర్చికి చేతికందునంతలో మిగిలినది తన ప్రాంగణపు అడవి యొక్కటే. బీదరికము వచ్చినప్పుడు ఆ చెట్లు అమ్మకమునకు పోయియుండవచ్చును. పెక్కుచోట్ల పోలేదు. ధనముండి ధర్మము చేయుట సులభము. మాన్యములు పోయిన పిదపను చెట్టుమీద చేయి వేయని ఆ గ్రామయాజకుల నిగ్రహమునకు నేను చేతులు జోడించుచున్నాను.

అయినను నిగ్రహముతో నెరవేరని పని ఒకటి మిగిలినది. ఇథియోపియా అరణ్యశాస్త్రజ్ఞుడగు అలెమాయెహు వాస్సీ దక్షిణ గోందర్‌లో 28 చర్చి అడవులను పాదచారియై పరిశీలించి, 2007లో నెదర్లాండ్స్‌లోని వాగనింగెన్ విశ్వవిద్యాలయమునకు తన పరిశోధనను సమర్పించెను. ఆ యడవులలో చిన్నది నాలుగెకరములు, పెద్దది సుమారు రెండువందల యేబది యెకరములు. అంతలోనే 168 జాతుల చెట్లు, పొదలు, తీగెలు లెక్కకు వచ్చినవి. ఇది సంతోషవార్త. కాని ఆయన నేలవైపు దృష్టి మరల్చి మన్నును త్రవ్వి పరీక్షింపగా, ఆ మ్రానులలో అధికభాగమునకు మన్నులో నిలువయున్న విత్తనములు కానరాలేదు. మొలచిన మొలకలును పశువుల నోటికి, డెక్కలకు ఆహుతియగుచుండెను. కొంత స్థలమునకు కంచె వేసి చూడగా, లోపల గింజలు మొలకెత్తుటయు, మొలకలు బ్రతుకుటయు, ఎదుగుటయు స్పష్టముగ అధికమైనవి. అనగా గొడ్డలిని ఆపిన భక్తి మేకను ఆపలేకపోయినది. తాతలు ముత్తాతలు నిండుగా కూర్చుండియు ఒక్క పసిబిడ్డ కేరింత వినబడని యింటివలె ఆ అడవులు కనబడుచున్నవి.

అలెమాయెహుతో చేయి కలిపిన అమెరికా శాస్త్రజ్ఞురాలు మార్గరెట్ లోమన్, చెట్ల పైకొమ్మలలోని జీవప్రపంచమును పరిశోధించి ప్రసిద్ధికెక్కినది. ఆ యిరువురును యాజకులను సమావేశపరచి, ఆకాశమునుండి తీసిన వారి వారి చర్చి అడవుల చిత్రములను చూపిరి. తన చర్చిని అనుదినము ముద్దాడు యాజకుడు దాని వస్త్రము ఎంత చిన్నదో పైనుండి ఎన్నడు చూచెను? చూచినపిమ్మట మార్గము వారే నిర్ణయించిరి: గోడ కట్టవలెను. ఇనుపకంచె కొనుటకు ధనమేల? చుట్టునున్న పొలముల నిండ నాగలికి తగులు రాళ్లే. గ్రామస్థులు ఆ రాళ్లను ఏరి, మోసి, సున్నము లేకయే ఒకదానిపై నొకటి పేర్చిరి. రాయి తీసిన పొలము మెత్తనైనది, పంట మెరుగైనది. రాయి పేర్చిన అడవిలోనికి పశువు రాక నిలిచినది. దెబ్రెసేనా, జారా అను చోట్ల ఇట్టి గోడలు లేచినవి. పిదప మరికొన్ని సంఘములు ఆ దారి పట్టినవి. ప్రాంగణమునకు గోడయుండుట ఆ సంఘమునకు నూతనము కాదు. పవిత్రమునకు ప్రాకారముండుట వారి పూర్వాచారమే. అందుచేతనే శాస్త్రము చెప్పిన మాట వారికి పరభాషగా వినబడలేదు.

1967లో లిన్ వైట్ అను అమెరికా చరిత్రకారుడు, ప్రకృతిపై మనుష్యునకు ప్రభుత్వమున్నదను పాశ్చాత్య క్రైస్తవభావమే నేటి పర్యావరణ విపత్తునకు మూలమని వాదించి పెద్ద చర్చకు కారకుడయ్యెను. ఆ చర్చ ఫలముగ సంఘములు పెక్కు ఆత్మపరీక్ష చేసికొన్నవి. 1989లో కాన్‌స్టాంటినోపిల్ పేట్రియార్కు సెప్టెంబరు 1ని సృష్టిరక్షణ ప్రార్థనాదినముగ ప్రకటించెను. 2015లో పోపు ఫ్రాన్సిస్ ‘లౌదాతో సీ’ అను లేఖను వెలువరించెను. ఇవన్నియు శ్లాఘ్యములే. ఆదికాండమున నరుని తోటలో నుంచినప్పుడు అతని కప్పగించిన పనులు రెండు: సేద్యము, కాపు. ఆ రెండవ పనికి వాడిన హెబ్రీ పదమే కావలివాని పనికిని వాడబడినది. మన తెలుగు సంఘములలో ‘గృహనిర్వాహకత్వము’ అను మాట కానుకల లెక్కలయందు తరచుగ వినబడును. ఇంటి ప్రాంగణము కూడ గృహములోనిదేనని ఇథియోపియా గ్రామయాజకుడు మనకు జ్ఞాపకము చేయుచున్నాడు. మన మిషను కాంపౌండులలో పూర్వులు పెంచిన చింతలును వేపలును ఎన్నో తరముల బడిపిల్లలకును, పండుగనాటి పంక్తిభోజనములకును నీడనిచ్చినవి. వాటిని కొట్టి దుకాణపు గదులు కట్టుటకు ముందు సంఘపెద్దలు ఒక్కసారి ఆ చెట్లకింద నిలిచి ప్రార్థన చేసికొందురు గాక యని మనసార కోరుచున్నాను.

ఇథియోపియా చర్చి అడవులను అడవికొఱకు ఎవరును కాపాడలేదనియు, తాబోత్ నీడలో అవి తమంతట తాము దక్కినవనియు కొందరు పండితుల అభిప్రాయము. అది సత్యమే కావచ్చును. కాని నీడలో దక్కినది నీడలోనే చిరకాలము నిలువదని ఆ మన్నులో దొరకని విత్తనములు చెప్పినవి. పూర్వులు కొట్టకుండుటచేత తమ ఋణమును తీర్చిరి; నేటివారు నాటుటచేత, కాచుటచేత తీర్పవలసియున్నది. నిన్నటివరకు నాగలిని విరిచిన రాయి నేడు గోడలో ఒదిగి, దాని చాటున రెండాకుల వెయ్‌రా మొలక ఒకటి తలయెత్తియున్నది. అది ధూపమునకు పుల్లనిచ్చునంత పెరుగుటకు చాల ఏండ్లు పట్టును. దానిని కాచువాడు ఆ కుండలోని కమ్మదనమును తాను చవిచూచునో లేదో. ఐనను ప్రతి ఉదయమును గడపను ముద్దిడి, గోడలో జారిన రాయిని మరల దాని చోట నుంచి, పిమ్మటనే లోనికి పోవుచున్నాడు.